ఫినీన్ కోటు వేసుకోని పన్నెండేళ్ళు

పెళ్ళికూతుర్ని కదలకుండా నిలబెట్టాలంటే రెండే దారులు. భయపెట్టాలి, లేదంటే కథ చెప్పాలి. మా కూమ్రా రేవులో బట్టలు కుట్టే గొబ్నెట్ రెండూ కలిపి చేసేది. వెన్నపెట్టె బోర్లించి పిల్లని దానిమీద ఎక్కించేది. నోటినిండా గుండుసూదులు పెట్టుకుని, కింద మోకాళ్ళ మీద కూర్చుని, గౌను అంచు మడుస్తూ పెదాల సందులోంచి కథ నడిపేది. అన్ని సూదుల మధ్య ఒక్క మాట తడబడకుండా చెప్పే మనిషిని మా ఊరు మళ్ళీ చూడలేదు.

మాకు పెళ్ళిళ్ళన్నీ విభూది బుధవారం లోపే. ఆ బుధవారం నుంచి ఈస్టర్ దాకా తపస్సుకాలం, ఫాదర్ ఎవరికీ పెళ్ళి చెయ్యడు. అందుకని జనవరి మొదలు గొబ్నెట్ కుట్టుమిషను చప్పుడు ఆగేది కాదు. బయట వానకి కొండ కనపడదు, సముద్రం కనపడదు. ఆ ఇంట్లో మాత్రం తెల్లబట్ట మబ్బులా నేలంతా పరుచుకుని ఉండేది. ఆ మబ్బులోంచి పిల్లలు ఒక్కొక్కరే పెళ్ళికూతుళ్ళై లేచి వెళ్ళిపోయేవాళ్ళు. గొబ్నెట్ దారప్పోగులు ఏరుకుంటూ కిందే ఉండిపోయేది.

చెప్పే కథ ఎప్పుడూ ఒకటే. కొండలోపల ఉండేవాళ్ళని మేం పేరు పెట్టి పిలవం, వింటారేమోనని. 'మంచివాళ్ళు' అంటాం. ఆ మంచివాళ్ళ దొరసానికి పొగమంచుతో గౌను కుట్టేవాళ్ళు కావలసి వచ్చారు. మే నెల మొదటి రోజున, ఇంకా తెల్లారీ తెల్లారకుండానే, మంచులో మొహం కడుక్కుంటున్న ఒక కుట్టుపిల్లని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయారు. లోపల పగలూ లేదు, రాత్రీ లేదు. యాపిల్ చెట్లకి పూతా కాయా ఒకేసారి ఉంటాయి. ఎక్కడో వీణ మోగుతూంటుంది, ఎవరు వాయిస్తున్నారో కనపడదు. పిల్ల పొగమంచు కుడుతూనే ఉంది. ఆ పిల్ల మీద ప్రాణం పెట్టుకున్న పడవవాడు ఒకడు కొండ తలుపు దగ్గరికొచ్చి "వస్తావా?" అని అడిగాడు. "ఒక చెయ్యి కుట్టడం మిగిలింది" అని లోపల్నుంచి జవాబొచ్చింది. ఏళ్ళు గడిచాక మళ్ళీ వచ్చి అడిగాడు. "అంచు మడవడం మిగిలింది" అని వినపడింది. మూడోసారి వచ్చి అడిగాడు. అప్పుడు కొండ తెరుచుకుంది. పిల్ల వట్టి కాళ్ళతో, జుట్టు నిండా పొగమంచుతో బయటికొచ్చింది.

"మూడోసారి దాకా ఎందుకు పిన్నీ? రెండోసారికే వచ్చెయ్యకూడదూ?" అని పెట్టె మీద నిలబడ్డ ప్రతి పిల్లా అడిగేది.

"రెండోసారికే వస్తే మనిషి రాదే, నీడొస్తుంది. కోడి కూసేసరికి కరిగిపోతుంది. మూడోసారి అడిగించుకుంటేనే ఒళ్ళూ నెత్తురూ కలిసి వచ్చేది. మా అమ్మ చెప్పింది. కదలకు, గుచ్చుకుంటుంది."

కథలో మిగతాదంతా పిల్లని బట్టి మార్చేది. గయ్యాళి అత్తగారింటికి వెళ్ళే పిల్ల వస్తే కొండలో దొరసానికి ఓ అత్తగారిని పుట్టించి, ఆ అత్తగారి నోరు ఎలా మూయించాలో కూడా చెప్పి పంపేది. వయసు మళ్ళినవాడిని చేసుకునే పిల్ల వస్తే పడవవాడి గడ్డం కాస్త నెరిసేది, గుండె మాత్రం నెరిసేది కాదు. ఆ మూడోసారి మాత్రం ఎవరి కోసమూ మార్చలేదు. ఎందుకు మార్చలేదో ఊరందరికీ తెలుసు.

ఫినీన్ అవతలి ఒడ్డువాడు. మా రేవుకీ వాళ్ళ రేవుకీ మధ్య సన్నటి సముద్రపుపాయ ఉంది. అరిస్తే వినపడేంత దూరం, కానీ నీళ్ళు మాత్రం పొగరుబోతువి. దానిమీద పడవ దాటించడం ఫినీన్ పని. గొబ్నెట్‌కి ఇరవై నాలుగేళ్ళప్పుడు సంతనుంచి తిరిగొస్తుంటే పడవ నడిమధ్యలో తెడ్లు ఆపి అడిగాడు. అప్పటికి వాళ్ళమ్మ మంచం పట్టి ఉంది. "అమ్మని ఎవరు చూస్తారు ఫినీన్?" అంది. నిజమే కదా అని మళ్ళీ తెడ్లు వేశాడు. ఎనిమిదేళ్ళు వాళ్ళమ్మని చూసుకుంది. ఆవిడ పోయిన నెల్లోపే ఫినీన్ వచ్చి గుమ్మంలో నిలబడి రెండోసారి అడిగాడు. "ఇంకా అమ్మ కుర్చీ కూడా చల్లారలేదు" అంది గొబ్నెట్. అదీ నిజమే. తలూపి వెళ్ళిపోయాడు.

అతను వెళ్ళేటప్పుడు గొబ్నెట్ నవ్వుకుందంటే నమ్ముతారా? ఇంకొక్కసారే కదా అనుకుంది. కళ్ళల్లో వత్తులు వేసుకుని కూర్చుంది.

పన్నెండేళ్ళు గడిచాయి. ఫినీన్ ఒక్క శనివారం తప్పకుండా ఓ చేపని సముద్రపు నాచులో చుట్టి ఆవిడ కిటికీ గట్టు మీద పెట్టేవాడు. బెంచీ మీద కూర్చుని టీ తాగేవాడు. వాన గురించి, వలల గురించి, ఫాదర్ గాడిద గురించి మాట్లాడేవాడు. అడగాల్సింది మాత్రం అడిగేవాడు కాదు. పైగా ఒక వింత అలవాటు పట్టుకుంది ఆయనకి. ఎంత వానొచ్చినా, ఎంత గాలి కొట్టినా కోటు వేసుకునేవాడు కాదు. ఉన్ని చొక్కాతోనే పడవ వేసేవాడు. భుజాలు ఎప్పుడూ తడిసే ఉండేవి. మా వైపు కుర్రకారు 'కోటు లేని ఫినీన్' అని పేరు కూడా పెట్టారు. పిసినారి అన్నారు కొందరు. తిక్క అన్నారు కొందరు.

చూడలేక ఒక ఏడాది గొబ్నెట్టే గోధుమరంగు ఉన్నిబట్టతో మంచి కోటు కుట్టింది. చక్కగా మడత పెట్టి చేతికిచ్చింది. ఫినీన్ దాన్ని చేతుల్లో పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత బెంచీ మీద జాగ్రత్తగా పెట్టేశాడు.

"చేతికిస్తే నాకొద్దు గొబ్నెట్" అన్నాడు.

"చేతికివ్వక కాళ్ళకిస్తారా కోటు?" అంది ఒళ్ళు మండి. ఆ కోటుని పక్కింటి పెగ్ మొగుడికి ఇచ్చేసింది. రెండు శనివారాలు చేప తీసుకోలేదు. మూడో శనివారం తీసుకుంది. ఆకలికి రోషం ఎన్నాళ్ళుంటుంది?

పన్నెండేళ్ళు నిండిన ఏడాది ఫిబ్రవరిలో, విభూది బుధవారం ఇంకా అయిదు రోజులుందనగా, పెగ్ తడిసిన చెప్పులతోనే తెల్లబట్ట మీదికి వచ్చేసింది. పెగ్ మా ఊరి దుకాణం నడిపేది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు.

"విన్నావటే? నీ చేపల పెద్దమనిషి పడవ వాళ్ళ తమ్ముడి కొడుక్కి అప్పజెప్పేస్తున్నాడట. భుజాలు పనిచెయ్యట్లేదట. చెయ్యవు మరి, పన్నెండేళ్ళు వానలో నానబెడితే గుర్రం భుజాలైనా పుచ్చిపోతాయి. బుధవారం పొద్దున్నే లోపలి ఊళ్ళో ఉన్న అక్క దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. అక్కడ సముద్రం లేదు, చేప లేదు, ఏం లేదు. ఇక తిరిగి రాడట."

గొబ్నెట్ మిషను తొక్కడం ఆపలేదు. కుట్టు మాత్రం వంకరపోయింది.

శనివారం ఫినీన్ వచ్చాడు. చేప గట్టు మీద పెట్టాడు. బెంచీ మీద కూర్చోలేదు.

"ఇదే ఆఖరుది" అన్నాడు.

గొబ్నెట్ పని ఆపేసింది. ఇప్పుడు అడుగుతాడు, అనుకుంది. వెళ్ళిపోయే మనిషి అడగకుండా ఎలా ఉంటాడు? నోట్లో సూదులన్నీ తీసి దిండుకి గుచ్చేసింది, అవునని చెప్పడానికి నోరు ఖాళీగా ఉండాలని. ఫినీన్ ఆవిడ వెనకాల గోడకేసి చూశాడు. అక్కడ మేకుకి వాళ్ళమ్మ నల్లటి ఉన్ని ముసుగంగీ వేలాడుతోంది. పెళ్ళినాడు తల్లి కూతురికి కప్పే అంగీ అది. పెళ్ళి కాని ఆడది వేసుకోదు. అలా మేకుకే ఉండిపోయింది. దానికేసి ఒకసారి, ఆవిడకేసి ఒకసారి చూశాడు. నోరు తెరిచాడు.

"వస్తా మరి" అన్నాడు.

గొబ్నెట్ ఆ చేపని వండలేదు. పొద్దుపోయేదాకా దాని పక్కనే కూర్చుంది.

ఆదివారం చర్చి గేటుకి కాగితం అతికించి ఉంది. ఏటా పెళ్ళికాకుండా మిగిలిపోయినవాళ్ళ మీద మా కుర్రాళ్ళు పద్యాలు కట్టి అతికిస్తారు. మా తీరానికి ఎదురుగా నడిసముద్రంలో ఒక రాతిదీవి ఉంది, అక్కడ తపస్సుకాలం ఆలస్యంగా వస్తుందని పాతకాలం మాట. అందుకని మిగిలిపోయినవాళ్ళందరినీ జంటలు కట్టి ఆ దీవికి పెళ్ళికి పంపిస్తున్నట్టు ఆ పద్యాల్లో ఎకసెక్కాలాడతారు. ఆ ఏడు ఇలా రాశారు:

కోటు లేని ఫినీన్‌కి, సూదుల గొబ్నెట్‌కి
రాతిదీవిలో పెళ్ళంట, రండహో చూడ్డానికి!
పన్నెండేళ్ళుగా బయల్దేరి పడవ రేవే దాటలేదు,
పెళ్ళికొడుకు తుమ్ముతుంటే పెళ్ళికూతురు కుడుతోంది!

ఏటా అలాంటివి చదివి గొబ్నెట్ తనే ముందు నవ్వేది. ఆ ఆదివారం నవ్వలేదు. అది చూసి రాసిన కుర్రాళ్ళే కాగితం చింపేశారు.

సోమవారం మధ్యాహ్నం చివరి పెళ్ళికూతురు వచ్చింది. జూలీన్ అని అవతలి ఒడ్డు పిల్ల, మా వైపు కుర్రాణ్ణి చేసుకుంటోంది. పెళ్ళి మంగళవారమే. గౌను అంచు ఒక్కటే మిగిలింది. అవతలి ఒడ్డువాళ్ళు మామూలుగా వాళ్ళ వైపే కుట్టించుకుంటారు. ఇన్నేళ్ళలో అటునుంచి వచ్చి వెన్నపెట్టె ఎక్కిన పిల్ల జూలీనే. గొబ్నెట్‌కి కథ చెప్పే ఓపిక లేదు. కానీ పిల్ల గడ్డిపరకలా ఊగుతూంటే అంచు ఎలా కుదురుతుంది? సూదులు నోట్లో పెట్టుకుని మొదలుపెట్టింది. పొగమంచు, యాపిల్ చెట్లు, వీణ అన్నీ వచ్చాయి. పడవవాడు రెండుసార్లు వచ్చి వెళ్ళాడు. "మూడోసారి వచ్చి అడిగాడు" అంటూండగా జూలీన్ పెట్టె మీదే గంతేసింది.

"అయ్యయ్యో, మూడోసారి అడగడమేంటి పిన్నీ! చంపేశావు కదా ఇద్దర్నీ!"

"కదలకే! అడిగితేనే కదా కొండ తెరుచుకునేది?"

"మా వైపు అలా కాదు. మూడోసారి అడిగితే కొండ తలుపు రాయైపోయి ఇంకెప్పటికీ తెరుచుకోదు. మగాడు రెండుసార్లే అడగాలి. ఆ తర్వాత నోరు మూసుకుని ఒంటిమీద కోటు తీసేసి వానలో నిలబడాలి. పిల్ల తనంతట తనే బయటికొచ్చి తన ఒంటిమీది గుడ్డ వాడి భుజాల మీద కప్పాలి. అప్పుడే వాడికి దక్కుతుంది. మా నానమ్మ ఎన్నిసార్లు చెప్పిందో! మా ఊళ్ళో ఎవడైనా కోటు లేకుండా తిరిగితే 'ఎవరి కోసంరా అబ్బాయ్' అని ఏడిపిస్తారు కూడా."

గొబ్నెట్ చేతులు ఆగిపోయాయి.

జూలీన్ చూసుకోలేదు, తన ధోరణిలో తను చెప్పుకుపోయింది. "మా ఫినీన్ మావయ్యనే చూడు. ఆయనకి ఇటువైపు ఎవరో ఉన్నారట. పేరు అడిగితే నవ్వుతాడు, చెప్పడు. పన్నెండేళ్ళుగా కోటు ముట్టుకోలేదు. మా అమ్మ ఏడుస్తుంది చూసి. అంత మంచి మనిషిని వానకి వదిలేసింది, ఎవత్తో గాని దాని గుండె బండరాయి అంటుంది. అవును కదా పిన్నీ?"

నోట్లో సూదులన్నీ జలజలా తెల్లబట్ట మీద రాలిపోయాయి.

"పిన్నీ! మింగేశావా? ఏమైంది?"

"ఏమీ కాలేదు తల్లీ" అంది గొబ్నెట్. "మీ అమ్మ చెప్పింది నిజమే. బండరాయే."

నేలంతా తెల్లగా పరుచుకున్న బట్ట మధ్య కూర్చుని ఆవిడ ఒక్కొక్క సూదే ఏరింది. ప్రతి సూదికీ ఒక తడిసిన శనివారం గుర్తొచ్చింది. బెంచీ మీద మడతపెట్టి వదిలేసిన గోధుమరంగు కోటు గుర్తొచ్చింది. చేతికిస్తే నాకొద్దు, అన్నాడు. భుజాల మీద వెయ్యమని అంతకంటే ఎలా చెప్తాడు మనిషి? మొన్న ఆ గోడకేసి చూసిన చూపు గుర్తొచ్చాక ఇక ఏరడం చాతకాలేదు. ఇద్దరూ కథని నమ్మినవాళ్ళే. ఒకరి కథ ఇంకొకరికి తెలియదు. మధ్యలో ఉన్నది సన్నటి సముద్రపుపాయ. మా వైపు మంచివాళ్ళ మీద తోసేస్తాం ఇలాంటివి, వాళ్ళే ఏదో మాయ చేశారని. నన్నడిగితే మంచివాళ్ళకి ఇంత తెలివితక్కువ పని చాతకాదు.

మర్నాటి నుంచి గుడ్లు తినకూడదు కనక మంగళవారం పొద్దున ఇంటింటా గుడ్ల అట్లు పోస్తున్న వాసన. వాన కాదు, మంచు కాదు, రెండూ కలిసిన తెల్లదనమేదో సముద్రం మీద పరుచుకుంది. ఒడ్డు ఎక్కడ ఆగిందో నీళ్ళు ఎక్కడ మొదలయ్యాయో తెలియట్లేదు. జూలీన్ పెళ్ళివారిని దాటించడం ఫినీన్ ఆఖరి పని. మా వైపువాళ్ళంతా రేవులో ఎదురు చూస్తున్నారు. ఫిడేలు ఒకటి ముందే శ్రుతి చూసుకుంటోంది. తెల్లదనంలోంచి ముందు తెడ్ల చప్పుడు, తర్వాత నవ్వులు, ఆ తర్వాత పడవ వచ్చాయి.

గొబ్నెట్ మేకు మీది నల్లటి అంగీ వేసుకుని వచ్చింది. జనం తప్పుకున్నారు. పెళ్ళి కాని ఆడది ఆ అంగీలో రావడం మా ఊళ్ళో ఎవరూ చూడలేదు.

"ఒసేయ్ గొబ్నెట్, అదేం వేషమే? పెళ్ళి ఆ పిల్లదా నీదా?" అని పెగ్ అరిచింది.

గొబ్నెట్ వినలేదు. నాచు పట్టిన మెట్లు ఒక్కొక్కటే దిగింది. పెళ్ళివారు ఒక్కొక్కరే పైకెక్కి వచ్చేశారు. ఫినీన్ ఒక్కడే పడవలో వంగి తాడు కడుతున్నాడు, ఉన్ని చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది. ఆఖరి మెట్టు మీద నిలబడి గొబ్నెట్ ముసుగు తీసింది, మెడ దగ్గర కొక్కెం విప్పింది, అంగీని రెండు చేతులా ఎత్తి అతని భుజాల మీద కప్పింది.

ఫినీన్ తాడు వదిలేశాడు. నిటారుగా లేచి నిలబడ్డాడు. ఆడవాళ్ళ అంగీ అంత పెద్ద మనిషికి మోకాళ్ళ దాకా కూడా రాలేదు. ఎవరో కుర్రాడు కిసుక్కున నవ్వబోతే, అవతలి ఒడ్డు ముసలావిడ ఒకామె వాడి నెత్తిన ఒక్కటిచ్చింది. ఆ ఒడ్డువాళ్ళందరికీ అర్థమైంది. ఇటువాళ్ళకి అర్థం కాలేదు గానీ, జూలీన్ వాళ్ళమ్మ ఏడుస్తూ ఉంటే వాళ్ళూ టోపీలు తీశారు. జూలీన్ మాత్రం రెండు చేతులతో నోరు మూసుకుని, "నేను అన్నమాటలు వెనక్కి తీసుకుంటున్నా పిన్నీ!" అని మెట్ల మీంచి కేక పెట్టింది.

ఫాదర్ కొండ మీంచి ఆయాసపడుతూ దిగొచ్చి సంగతి విన్నాడు.

"ఈ ఏడాదికి కుదరదు, ముందే చెప్తున్నా. మూడు ఆదివారాలు పెళ్ళి సంగతి చర్చిలో చాటించాలి. ఈస్టర్ తర్వాతే" అన్నాడు.

"పన్నెండేళ్ళు ఆగినవాళ్ళకి నలభై రోజులొక లెక్కా ఫాదర్?" అంది పెగ్. "మీరు నడవండి, అట్లు చల్లారిపోతున్నాయి."

ఫిడేలు ముందు నడిచింది. పెళ్ళివారు తెల్లదనంలోకి ఎక్కి పోయారు. ముందు మనుషులు కనపడకుండా పోయారు, తర్వాత పాట. మిగిలినవి నీళ్ళ చప్పుడూ, వాళ్ళిద్దరూ.

గొబ్నెట్ పడవ అంచు మీద కూర్చుంది. "ఎందుకు చెప్పలేదు ఫినీన్? ఒక్కమాట అనుంటే?"

"నీకు తెలుసనుకున్నా. ఊళ్ళో పెళ్ళికూతుళ్ళందరికీ ఆ కథ చెప్పేదానివి నువ్వే. తెలిసే కప్పలేదనుకున్నా."

"మా వైపు కథ వేరు. మూడోసారి నువ్వే అడగాలి. నేను రోజూ వినడానికే కూర్చున్నా."

ఫినీన్ అంగీ అంచు వేళ్ళతో పట్టుకుని చూసుకుంటూ ఉన్నాడు.

"చలేసిందా?" అంది గొబ్నెట్.

"మొదటి ఏడాది వేసింది. తర్వాత అలవాటైపోయింది" అన్నాడు.

అంగీ దగ్గరికి లాక్కుని, తల తిప్పకుండానే అన్నాడు. "అబద్ధం. రోజూ చలేసింది, గొబ్నెట్."